ఆక్రీడం: వేసవి సెలవులలో పిల్లలకొక చోటు

(వేసవి సేవా కార్యక్రమాల సన్నాహక సభలో చేసిన ప్రసంగ పాఠం)



వేసవి వస్తున్నదనగానే ఈ సంస్థ ఏమి చేస్తుందో మీకందరికీ తెలిసినదే. ఫాల్గుణం దాటకముందే తాటాకు పందిళ్లు వేయిస్తుంది, కొత్త కుండలు తెప్పిస్తుంది, దారి పొడుగునా చలివేంద్రాలు పెట్టిస్తుంది. ఆ చలివేంద్రానికి ప్రాణం ఎక్కడ ఉన్నదో ఒక్కసారి ఆలోచించండి. పందిరి ఉండి, కుండ ఉండి, ముంచి పోసే మనిషి లేకపోతే రెండవ రోజుకు నీటిలో ఈగలు తేలుతాయి, మూడవ రోజుకు లోటా మాయమవుతుంది, వారం తిరిగేసరికి పందిరి కింద మేకలు పడుకుంటాయి. మిట్టమధ్యాహ్నం అక్కడ కూర్చొని దారిన పోయేవాని దోసిట నీళ్లు పోసే ఆ ముసలమ్మకు ఇచ్చే జీతమే అసలైన చలివేంద్ర దానం. మిగిలినదంతా సామగ్రి. ఈ ఒక్క మాటను మనసులో ఉంచుకొని నేను చెప్పబోయేది వినవలసినదిగా కోరుతున్నాను.

నేను మాట్లాడదలచినది వేసవి సెలవులలో పిల్లల ఆటపాటల గురించి, పార్కులలోను క్రీడామందిరాలలోను వారి కొరకు జరిగే, జరగవలసిన కార్యక్రమాల గురించి. శాస్త్రం చదువుకున్న ముసలివానికి పార్కులతో ఏమి పని అని కొందరికి తోచవచ్చు. అటువంటివారికి రెండు మాటలు విన్నవించుకుంటాను. మన స్మృతులు పుణ్యకార్యాలను ఇష్టమని, పూర్తమని రెండుగా విభజించాయి. యజ్ఞాదులు ఇష్టం. లోకోపకారం కొరకు చేసేవి పూర్తం. ఆ పూర్తంలో బావులు, దిగుడుబావులు, చెరువులు, దేవాలయాలు, అన్నప్రదానం చెప్పి, వాటితో సమానంగా ఆరామాన్ని కూడా చెప్పారు. మన తెలుగువారి సప్తసంతానాలలోనూ తటాకం, దేవాలయాలతో పాటు వనం ఉన్నది. అంటే గుడి కట్టించినవాని సరసనే తోట వేయించినవానిని కూర్చోబెట్టారు. ఇది నేను కల్పించిన వరుస కాదు.

రెండవ మాట అమరకోశం నుండి. చిన్ననాడు అర్థం తెలియకుండా వల్లించిన వనౌషధివర్గంలో తోటలను అమరసింహుడు ఎంత జాగ్రత్తగా వేరుచేశాడో పెద్దయిన తరువాత గాని నాకు పట్టలేదు. మనుష్యులు నాటి పెంచినది ఆరామం. మంత్రుల ఇళ్లకు చేర్చి ఉండేది వృక్షవాటిక. అంతఃపుర స్త్రీలకు మాత్రమే విహారయోగ్యమైనది ప్రమదవనం. రాజుదే అయినా ఇతరులకు కూడా సాధారణమైన వనం ఆక్రీడం, దానికే ఉద్యానమని మరొక పేరు. క్రీడ అనే మాట ఆ పేరులోనే ఉన్నది. ప్రభుత్వం తన ధనంతో పెంచి, ప్రజలందరినీ లోపలికి రానిచ్చి, ఆడుకోనిచ్చే తోటకు మనకు ఒక ప్రత్యేకమైన పదమే ఉండగా, పార్కు అన్నది పరాయిదని ఎట్లా అనగలము?

సెలవుల మాట కూడా కొత్తది కాదు. శ్రావణ పూర్ణిమనాడు ఉపాకర్మతో వేదాధ్యయనం ఆరంభించి, నాలుగున్నర మాసాలు చదివి, పుష్యంలోనో మాఘారంభంలోనో ఉత్సర్జనం చేసేవారు. చదువును వదిలిపెట్టడానికి కూడా ఒక కర్మ విధించిన సంప్రదాయం మనది! ఉత్సర్జనం తరువాత విద్యార్థిని గాలికి వదిలివేయలేదు. శుక్లపక్షంలో వేదాన్ని, కృష్ణపక్షంలో వేదాంగాలను చదవమన్నారు. ఆ పైన ప్రతిపత్తు, అష్టమి, చతుర్దశి, పర్వదినాలలో అనధ్యయనం. మా పాఠశాలలో అష్టమి వచ్చినదంటే ఉదయాననే ఏటి ఒడ్డుకు పరుగు. మా గురువుగారు గట్టు మీద గొడుగు కింద కూర్చొని తాళపత్రాలు చూసుకుంటున్నట్లే ఉండేవారు కాని, నీటిలో ఎన్ని తలలు ఉన్నాయో లెక్క ఆయనకు ఎప్పుడూ తప్పేది కాదు. సెలవు పిల్లవానికే గాని వానిని చూసుకోవలసిన పెద్దవానికి కాదన్నమాట.

ఈనాటి స్థితి చూద్దాము. మన రెండు రాష్ట్రాలలోనూ బడులు ఏప్రిల్ చివరి వారంలో మూసివేసి జూన్ రెండవ వారంలో తెరుస్తారు. సుమారు ఏడు వారాలు. తాతగారి ఊరు, మామిడితోట, ఆరుబయట పడక ఉన్న పిల్లలకు ఆ ఏడు వారాలు బంగారం. ఎంతమందికి ఉన్నాయవి? ఉదయం ఏడింటికి తల్లి పనికి పోతుంది, తండ్రి ఆటో తీసుకొని పోతాడు. పదేళ్లవాడు ఆరేళ్ల చెల్లెలిని చూసుకుంటూ రేకుల ఇంటిలో ఉంటాడు. పది గంటలకే రేకు కాలిపోతుంది. ఇంట్లో ఫోను ఉంటే వాడు ఫోనుకు అంకితం. లేకపోతే స్నేహితులతో కలిసి నీడను, నీటిని వెతుక్కుంటూ పోతాడు. ఆ నీరు కాలువ కావచ్చు, చెరువు కావచ్చు, రాళ్లు తీసి వదిలేసిన క్వారీ గుంట కావచ్చు.

మే మాసంలో మన దినపత్రికల జిల్లా పేజీలు తిరగవేయండి. ఈతకు వెళ్ళిన బాలురు, ఒకరిని కాపాడబోయి మరొకరు, ఇద్దరు అన్నదమ్ములు. ఏటేటా అదే వార్త, ఊళ్ల పేర్లు మాత్రం మారుతుంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో లోకమంతటా సుమారు 3 లక్షల మంది నీట మునిగి మరణించారు. వారిలో దాదాపు నాలుగవ వంతు ఐదేళ్లలోపు పసివారు, మరొక ఐదవ వంతు ఐదు నుండి పద్నాలుగేళ్ల లోపు వారు. ఆ సంవత్సరమే ఐక్యరాజ్యసమితి జూలై 25ను నీటమునక నివారణ దినంగా ప్రకటించినది. దీనిని విధి అని కన్నీరు తుడుచుకొని ఊరుకోవడం నాకు సమ్మతం కాదు. కర్మసిద్ధాంతాన్ని చదువుకున్నవానిగానే చెబుతున్నాను, కర్మ అంటే చేయవలసిన పని కూడా.

మన పొరుగున ఉన్న బంగ్లాదేశ్‌లో ఇంటింటి వాకిట చెరువే. అక్కడివారు రెండు పనులు చేశారు. తల్లులు ఇంటిపనులలో, పొలంపనులలో మునిగి ఉండే సమయమైన ఉదయం తొమ్మిది నుండి మధ్యాహ్నం ఒంటిగంట వరకు పసిపిల్లలను ఒకచోట చేర్చి, ఆ వాడలోని ఒక స్త్రీకి శిక్షణ ఇచ్చి కాపలా పెట్టారు. ఆ కేంద్రం పేరు ఆంచల్, అంటే తల్లి కొంగు. ఆ స్త్రీని ఆంచల్ మా అంటారు. కొంచెం పెద్ద పిల్లలకు చెరువులోనే వెదురుతో మంచె వంటిది కట్టి, లోతు ఎక్కువ కాకుండా చూసి, ఈత నేర్పారు. పాలరాయి లేదు, నీలిరంగు గచ్చు లేదు. వెదురు, తాడు, ఒక మనిషి. దానితోనే అక్కడ పిల్లల మరణాలు బాగా తగ్గినట్లు పరిశీలకులు చూపారు.

ఇక నేను కళ్లారా చూసినది చెబుతాను. మా అమ్మాయి కాపురం షికాగో నగరంలో. నేను అక్కడ రెండు వేసవులు గడిపాను. ఆ నగరంలో ఆరువందలకు పైగా పార్కులున్నాయి. వాటి నిర్వహణకు ఒక ప్రత్యేకమైన సంస్థే ఉన్నది. అంతకుముందు విడివిడిగా ఉన్న 22 పార్కు మండలాలను కలిపి 1934లో దానిని ఏర్పరచారు. జూన్ చివర నుండి ఆరు వారాల పాటు ఆరేళ్ల నుండి పన్నెండేళ్ల పిల్లలకు పార్కులలో పగటి శిబిరం జరుగుతుంది. మా మనుమడు దానికే వెళ్లేవాడు. వానిని దింపడానికి వెళ్లి, చెట్టు కింద బల్ల మీద కూర్చొని, జపం ముగించుకొని, నేను అక్కడే ఉండి చూసేవాడిని.

అక్కడి పెద్ద పార్కులలో ఒక భవనం ఉంటుంది. వ్యాయామశాల, సభామందిరం, చిన్న చిన్న గదులు. ఒక గదిలో మట్టితో బొమ్మలు చేస్తున్నారు, ఒక గదిలో ముసలివారు చదరంగం ఆడుతున్నారు, వెలుపల కొందరు బంతి తన్నుతున్నారు. నన్ను ఆకర్షించినది ఇదేదీ కాదు. కళాశాలలో చదివే వయసున్న ఒక అమ్మాయి చేతిలో కాగితం పట్టుకొని పిల్లలను లెక్కించడం. వచ్చినప్పుడు లెక్క, భోజనానికి ముందు లెక్క, తరువాత లెక్క. ఈతకొలను దగ్గర మరీ విశేషం. పిల్లలను ఇద్దరిద్దరిగా జతకడతారు. ఉన్నట్టుండి ఈల మోగుతుంది. అందరూ గట్టెక్కి తమ జతవాని చేయి పట్టుకొని పైకెత్తాలి. లెక్క సరిపోతే మళ్లీ నీటిలోకి. కాపలావాడు ఎత్తైన కుర్చీలో కూర్చొని నీటి మీద నుండి చూపు తిప్పడు. ఎవరైనా పలకరించినా నీటిని చూస్తూనే బదులు చెబుతాడు. నాకు ఏటి గట్టు మీద మా గురువుగారు గుర్తుకు వచ్చారు. గొడుగు ఒక్కటే తక్కువ.

ఇంత ఏర్పాటు ఎక్కడ మొదలైనదో తెలుసుకుంటే దాతలైన మీకు సంతోషం కలుగుతుంది. ఇసుక కుప్పతో మొదలైనది. 1885 వేసవిలో మేరీ జక్ర్‌జెవ్‌స్కా అనే వైద్యురాలు బెర్లిన్ నగరానికి వెళ్లినది. అక్కడి తోటలలో పిల్లల కొరకు ఇసుక పోయించి ఉండడం చూసి, ఆ సంగతి బోస్టన్‌లోని తన మిత్రులకు ఉత్తరం వ్రాసినది. వారు ఆలస్యం చేయలేదు. ఆ వేసవిలోనే ఇరుకు వాడలోని ఒక ప్రార్థనామందిరపు పెరటిలో ఇసుక కుప్ప పోయించారు. వారానికి మూడు రోజులు, సగటున పదిహేను మంది పిల్లలు. చెక్క పారలతో త్రవ్వడం, పాటలు పాడడం, వరుసగా నడవడం. చూసుకోవడానికి ఆ వాడలోనే ఉండే ఒకామె. అంతే! ఏ రాజూ శంకుస్థాపన చేయలేదు. తరువాతి ఏళ్లలో ఇసుక తోటలు పెరిగాయి. వాటిని చూసుకునే స్త్రీలకు జీతాలు ఏర్పడ్డాయి. ఆ శతాబ్దం ముగిసేలోపే నగరపాలకులు తమ ఖజానా నుండి ధనమివ్వడం మొదలుపెట్టారు. ఒక ప్రార్థనామందిరపు పెరడు పదిహేనేళ్లలో నగరానికి బాధ్యతను నేర్పినదన్నమాట.

షికాగో కథ ఇంకొక రకమైనది. అక్కడ జేన్ ఆడమ్స్ అనే మహిళ హల్ హౌస్ అనే సేవామందిరాన్ని పేదవాడలో నడిపేది. 1931లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి కూడా వచ్చినది. ఆ మందిరానికి దగ్గరలోని శిథిలమైన అద్దె ఇళ్లు విలియం కెంట్ అనే యువ ధనికునివి. ఆ ఇళ్ల దుస్థితిని మందిరంవారు మొహమాటం లేకుండా ఎత్తిచూపారు. ఆయన వాటిని వారికే అప్పగించడానికి ముందుకు వచ్చాడు. మన సంస్థలైతే శాలువా కప్పి పుచ్చుకునేవి! ఆమె మాత్రం అటువంటి ఇళ్ల అద్దె మీద సేవ నడపడానికి జంకినది. చివరకు వాటిని పడగొట్టించి, ఆ స్థలాన్ని పిల్లల ఆటస్థలంగా మార్చారు. అక్కడ హల్ హౌస్‌వారు, వారితోపాటు ఒక సౌమ్యుడైన పోలీసు చాలా ఏళ్లు పిల్లలను చూసుకున్నారు. అదే కెంట్ తరువాతి కాలంలో పశ్చిమ తీరాన మహావృక్షాలున్న అడవిని కొని, 1908లో దేశానికి దానం చేశాడు. ఇచ్చే గుణం అలవడితే అలాగే ఉంటుంది. కాని ఆ మొదటి దానంలో స్వీకరించిన ఆమె వివేకానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. దానం పుచ్చుకునేవారికి కూడా పాత్రత ఉండాలని మన శాస్త్రం చెప్పినది ఇదే.

1905 ప్రాంతంలో ఆ నగరపు దక్షిణ భాగంలో, పశువధశాలల పొగ చుట్టుముట్టిన కార్మికవాడలలో, వరుసగా చిన్న పార్కులు తెరిచారు. ఒక్కొక్కదానిలో నేను చెప్పిన ఆ భవనం, స్నానాల గదులు, గ్రంథాలయం. ఇంట్లో నీటి సౌకర్యం లేని కుటుంబాలకు అదే స్నానఘట్టం, అదే పఠనమందిరం.

ఇదంతా విని అక్కడంతా స్వర్గమని అనుకోవద్దు. అదే నగరంలో 1919 జూలై 27న యూజీన్ విలియమ్స్ అనే పదిహేడేళ్ల నల్లజాతి బాలుడు సరస్సులో తేలుతూ, నీటి మీద ఎవరూ గీయని, కాని అందరూ పాటించే ఒక గీతను దాటాడు. తెల్లవారి వైపుకు వచ్చాడని గట్టు మీది మనిషి రాళ్లు విసిరాడు. బాలుడు మునిగిపోయాడు. ఆ తరువాత చెలరేగిన అల్లర్లలో 38 మంది ప్రాణాలు పోయాయి. తోట ఉన్నది, నీరు ఉన్నది, పాలకులు ఉన్నారు. సాధారణ వనం అన్న మాటలోని సాధారణత్వం మాత్రం లేదు. మనకు ఆ దేశాన్ని వేలెత్తి చూపే అర్హత ఉన్నదా? 1927 మార్చి 20న మహాడ్‌లో చవదార్ చెరువు నీటిని దోసిట పట్టడానికి అంబేడ్కర్ గారు వేలమందితో కలిసి నడవవలసి వచ్చినది. ఆ చెరువు అందరిదేనని పురపాలక సంఘం అప్పటికే తీర్మానించి ఉన్నది కూడా. కనుక మన ప్రాంగణంలో పిల్లల కొరకు ఏది ఆరంభించినా తలుపు దగ్గర పేరు, వయసు, ఇంటి ఫోను నంబరు మాత్రమే అడగాలి. ఇంకే ప్రశ్నా అడగకూడదు. ఈ విషయంలో నేను ధర్మకర్తల మండలి వారిని బ్రతిమాలడం లేదు, పెద్దవానిగా చెబుతున్నాను.

అన్నదాతలకు ఒక మాట. బడి మూసిన రోజునే బడి భోజనమూ ఆగిపోతుంది. ఆకలికి మాత్రం సెలవులు లేవు. అమెరికాలో ఈ సంగతిని గుర్తించి, 1968లో ప్రయోగంగా మొదలుపెట్టి, 1975 నుండి స్థిరమైన పథకంగా వేసవిలో పిల్లలకు భోజనం పెడుతున్నారు. దానికి పార్కులే ముఖ్యమైన చోట్లు. ఆడుకోవడానికి వచ్చినవానికి అన్నం దొరుకుతుంది. అన్నానికి వచ్చినవాడు ఆటలో కలుస్తాడు. యాచించినట్లు ఎవరికీ తోచదు. మన దేశంలో సుప్రీంకోర్టు 2001లో బడిలో వండిన భోజనం పెట్టమన్నది. 2004 ఏప్రిల్ 20న, కరువు ప్రాంతాలలో వేసవి సెలవులలో కూడా పెట్టవలసినదేనని ఆదేశించినది. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు బడి భోజనానికి డొక్కా సీతమ్మ గారి పేరు ఉన్నది. గోదావరి లంకలలో వేళ కాని వేళ వచ్చినవానికి కూడా వండి పెట్టిన ఆ తల్లి పేరు పెట్టుకున్న అన్నం ఏడు వారాలు ఆగిపోతే, నిత్యాన్నదానం జరిగే మనవంటి చోట ఇంకొక పంక్తి వేయడం భారమా?

మన వద్ద ఏమీ లేదని నేననడం లేదు. నెహ్రూగారి ప్రోత్సాహంతో 1956లో ఢిల్లీలో బాలభవన్ వెలసినది. ఆ మార్గంలోనే హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లో జవహర్ బాలభవన్ ఏర్పడినది. వేసవిలో అక్కడ సంగీతం, నృత్యం, చిత్రలేఖనం నేర్పుతారు. హైదరాబాదు నగరపాలక సంస్థ ఏటా తన మైదానాలలో నామమాత్రపు రుసుముతో వేసవి క్రీడా శిక్షణ నడుపుతున్నది. ఆంధ్రప్రదేశ్‌లో గ్రంథాలయాలవారు వేసవి విజ్ఞాన శిబిరాలు పెట్టి పిల్లలచేత కథలు చదివిస్తున్నారు. ఇవన్నీ మెచ్చుకోదగినవే. కాని నగరం దాటి ఇరవై మైళ్లు పోతే చూడండి. పార్కు అని బోర్డు ఉంటుంది, ఉయ్యాల గొలుసు తెగి ఉంటుంది, గేటుకు తాళం ఉంటుంది. తాళం ఎందుకని అడిగితే, చూసుకునే మనిషి లేడని సమాధానం. మళ్లీ చలివేంద్రం దగ్గరికే వచ్చాము.

దాతలలో ఒక అలవాటు ఉన్నది, నొచ్చుకోకుండా వినండి. కంటికి కనబడేది ఇస్తారు. బల్ల ఇస్తారు, పేరు చెక్కిస్తారు. ఫ్యాను ఇస్తారు, రెక్క మీద పేరు వ్రాయిస్తారు. ఆ పేరు చదవాలంటే ఫ్యాను ఆపాలి! జారుడుబల్ల ఇవ్వడానికి పదిమంది ముందుకు వస్తారు. ఏడు వారాలు పిల్లలను కనిపెట్టుకొని ఉండే మనిషికి జీతమివ్వడానికి ఒక్కరు రారు, ఎందుకంటే ఆ మనిషి మీద పేరు వ్రాయడానికి వీలులేదు. నా విన్నపమంతా ఇదే. ఈ వేసవికి కొత్త వస్తువేదీ కొనవద్దు. మన ఉద్యానవనంలో వేపలు, కానుగలు, రావి ఉన్నాయి. మండపం ఉన్నది, మంచినీరు ఉన్నది, వంటశాల ఉన్నది. లేనిది మనుషులు. డిగ్రీ చదువుతున్న యువతీ యువకులకు, పదవీ విరమణ చేసిన వ్యాయామోపాధ్యాయులకు, ఓర్పున్న గృహిణులకు శిక్షణ ఇప్పించి, గౌరవంగా జీతమిచ్చి పెట్టుకుందాము. ఉచిత సేవకు వచ్చేవారు రానీయండి, సంతోషం. అయితే పెళ్లిళ్ల ముహూర్తాలు వచ్చినప్పుడు ఉచితసేవ ఎంతవరకు నిలుస్తుందో మీకు తెలియనిది కాదు. జీతం తీసుకున్నవాడు వస్తాడు.

వేళల విషయంలో పట్టుదల కావాలి. ఉదయం ఆరు నుండి ఎనిమిదిన్నర వరకు ఆటలు ఆరుబయట. ఆ తరువాత మండపం నీడలోకి. పన్నెండు నుండి నాలుగు వరకు ఏ పిల్లవాడూ ఎండలో అడుగు పెట్టరాదు. 2015 వడగాలులలో మన రెండు రాష్ట్రాలలో ఎన్ని ప్రాణాలు పోయాయో మరిచిపోలేదు కదా. ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యికి పైగా. అహ్మదాబాదు నగరంవారు 2013లో వడగాలుల నివారణ ప్రణాళిక వేసుకున్నప్పుడు, ఎండవేళ జనం సేదదీరే చోట్లలో దేవాలయాలను కూడా చేర్చారు. ఎత్తైన కప్పు, రాతి గచ్చు, గాలి ఆడే స్తంభాల మధ్య చోటు. మన పెద్దలు కట్టిన మండపాన్ని మధ్యాహ్నం తాళం వేసి ఉంచడం అన్యాయం. మజ్జిగ, ఉప్పు పంచదార కలిపిన నీరు, భోజనం, తరువాత చాపల మీద ఒక కునుకు, నిద్ర పట్టనివారికి అష్టాచెమ్మా, వామనగుంటలు, పుస్తకాలు.

ఆ వేళలో శ్లోకాలు నేర్పమని కొందరు నన్ను అడిగారు. నేర్పుతాను. రోజుకు అరగంట. ఇష్టమున్నవారికే. సెలవుల శిబిరాన్ని మరొక బడిగా మార్చడం ఈనాటి జబ్బు. అబాకస్ ఒక గంట, చేతివ్రాత ఒక గంట, ఇంగ్లీషు మాటలు ఒక గంట, శ్లోకాలు ఒక గంట, సాయంకాలం తల్లిదండ్రుల ముందు ప్రదర్శన. పిల్లవాడు ఊపిరి పీల్చుకునేది ఎప్పుడు? చెడుగుడు ఆడనివ్వండి, బిళ్లంగోడు ఆడనివ్వండి, కోతికొమ్మచ్చి ఆడనివ్వండి. తొక్కుడుబిళ్లలో గీత తొక్కావా లేదా అని వాదించుకోనివ్వండి. నా బోటి నైయాయికునికి తెలిసిన వాదమంతా అక్కడ నేర్చుకున్నదే. ఏమీ చేయకుండా చెట్టు కింద వెల్లకిలా పడుకున్నవానిని లేపవద్దు.

ఈత మాత్రం తప్పనిసరి అంటాను. ఆడపిల్లలకు కూడా. వారికి స్త్రీలే నేర్పే ఏర్పాటుతో. మన ఊళ్లలో ఎండిన సొరకాయ బుర్రలు, జీలుగు బెండ్లు నడుముకు కట్టి నేర్పేవారు. ఇప్పుడు జిల్లా కేంద్రాలలో ఈతకొలనులు, శిక్షకులు ఉన్నారు. వారిని సంప్రదించి, వారి పర్యవేక్షణలో, లోతు తక్కువ ఉన్న చోటనే నేర్పించాలి. కోనేరును దీనికి వాడవద్దు. దాని మెట్లకు పాచి ఉన్నది, లోతు ఒక్కసారిగా దిగుతుంది. శిబిరం జరిగినన్ని రోజులు కోనేటి గేటు దగ్గర ఒక మనిషి ప్రత్యేకంగా ఉండాలి. ఈత రాకముందే ప్రతి బిడ్డకూ నేర్పవలసినది ఇంకొకటి ఉన్నది: స్నేహితుడు మునుగుతుంటే తాను దూకకూడదు. కేక వేయాలి, కర్ర అందించాలి, తాడో తువ్వాలో విసరాలి, మూత బిగించిన ఖాళీ డబ్బా ఉంటే అది విసరాలి. ఒక ప్రాణం కొరకు వెళ్లి రెండు ప్రాణాలు పోయిన వార్తలు చదివినప్పుడల్లా, ఈ నాలుగు మాటలు వారికి ఎవరూ చెప్పలేదే అని నా కడుపు తరుక్కుపోతుంది.

ధర్మకర్తల మండలి వారు ఉగాదిలోపు నిర్ణయం చెప్పగలిగితే మనుషులను వెతకడానికి, వారికి శిక్షణ ఇప్పించడానికి నెల రోజుల వ్యవధి ఉంటుంది. దాతలు ఎవరైనా ఇవ్వదలచుకుంటే రసీదు మీద జీతాల నిమిత్తం అని వ్రాయించండి. పిల్లల హాజరు పుస్తకం నేను తెచ్చి ఇస్తాను, పెద్ద అట్టది. అందులో మూడు గడులు గీయించమని చెప్పాను. వచ్చిన వేళ, భోజనంవేళ లెక్క, ఇంటికి ఎవరి చేయి పట్టుకొని వెళ్లారన్నది. మూడవ గడి నిండనిదే ఆ రోజు గేటు మూయకూడదు.